పూటకూళ్లవానికి వందనము చెప్పినది ఎవరు?

ధారూర్‌లో కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగ పాఠము



శతవార్షికోత్సవ సందర్భములో కృతజ్ఞతను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను కోరినారు. కృతజ్ఞత అనగానే మన మనస్సు ముందుగా దేవుని వైపు తిరుగుతుంది. అది న్యాయము. ఆ తరువాత మనకు సువార్త తెచ్చినవారు, గుడి కట్టినవారు, బడి పెట్టినవారు గుర్తుకు వస్తారు. వారి పేర్లు రాతి పలకల మీద చెక్కి ఉన్నవి. ఈ సాయంకాలము నేను ఏ పలక మీదా పేరు లేని మనిషిని గూర్చి మాట్లాడదలచినాను. మనము జబ్బుపడి లేవలేక మంచాన ఉన్నప్పుడు పక్కగుడ్డ మార్చి, ముఖము తుడిచి, "ఏం గాదు బిడ్డా, తగ్గుతది" అని ధైర్యము చెప్పిన ఆసుపత్రి పనివారిని గూర్చి ఈ మాటలు. ఆమె నర్సు కావచ్చు, ఆయమ్మ కావచ్చు. అతడు వార్డుబాయి కావచ్చు, కట్లు కట్టే డ్రెస్సరు కావచ్చు, నేల తుడిచే మనిషి కావచ్చు.

మంచి సమరయుని కథ మన బిడ్డలకు కూడా కంఠతా వచ్చును. యెరికో దారిలో దొంగల చేత దెబ్బలు తిని పడియున్నవానిని యాజకుడు చూచి ప్రక్కగా పోయినాడు, లేవీయుడు కూడా అట్లే పోయినాడు. సమరయుడు ఆగి, గాయములకు నూనె పోసి కట్టు కట్టి, పూటకూళ్లవాని యింటికి చేర్చినాడు. ఆ రాత్రి దగ్గర ఉండి చూచుకొన్నాడు. మరునాడు రెండు దేనారములు ఇచ్చి తన దారిన వెళ్లినాడు. కథ అక్కడ ముగుస్తుంది, మనము కూడా అక్కడనే ఆపుతాము.

కాని ఆ మరునాటి నుండి ఆ గాయపడినవానికి గంజి పోసినది ఎవరు? కట్టు విప్పి, చీము కడిగి, మరల కట్టినది ఎవరు? రాత్రి అతడు నొప్పితో మూలిగినప్పుడు దీపము పట్టుకొని వచ్చినది ఎవరు? సువార్తలో ఆ సంగతి వ్రాయబడలేదు. పూటకూళ్లవాని పేరు కూడా లేదు. అయినను ఆ మనిషి బ్రతికి లేచి నడిచియుంటే, అందులో పూటకూళ్లవాని చేతి కష్టము తప్పక ఉన్నదని నేను అనుకొంటాను. రెండు వేల సంవత్సరములుగా మనము సమరయుని మెచ్చుకొంటున్నాము. పూటకూళ్లవానికి వందనము చెప్పినది ఎవరు?

ఇప్పుడు మన ప్రాంతము సంగతికి వస్తాను. మన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది తూర్పుగా పారి హైదరాబాదు చేరి, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ప్రక్కనుండి పోతుంది. మన ధారూర్, వికారాబాదు, తాండూరు వైపు పెద్ద జబ్బు చేసినవారి ప్రయాణము కూడా చాలాకాలము ఆ నది పోయిన వైపే సాగినది. స్టేషనులో బండి ఎక్కి పట్నము పోయి, ఉస్మానియాలోనో గాంధీలోనో పడుకొనినవారు మన యిండ్లలో ఎందరో ఉన్నారు. 2016లో వికారాబాదు జిల్లా అయినది. 2023 సెప్టెంబరులో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. అంతకు ముందు తరముల వారికి పట్నము ఆసుపత్రియే దిక్కు. అక్కడ భాష కొత్త, మనుషులు కొత్త, ఏ కాగితము ఏ కిటికీలో ఇవ్వవలెనో తెలియదు. అటువంటి చోట "ఇటు రా అవ్వా, నేను చూపిస్తా" అని చేయి పట్టుకొని నడిపించిన మనిషి దేవదూత వలె కనబడుతాడు.

ఆ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీకి మహా వరద వచ్చి వేలమంది కొట్టుకొనిపోయినప్పుడు, ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని నూట యాభైమందికి పైగా బ్రతికినారు. ఆసుపత్రి ఇప్పటి పెద్ద భవనము ఆ వరద తరువాత కట్టినదే. నేటికిని సెప్టెంబరు 28న కొందరు ఆ చెట్టు క్రింద కూడి, చనిపోయినవారిని జ్ఞాపకము చేసుకొని, ప్రాణములు నిలిపిన చెట్టుకు కృతజ్ఞత తెలుపుతుంటారు. వినుటకు చిన్న సంగతివలె ఉన్నది, కాని ఇందులో మనకు పాఠమున్నది. కృతజ్ఞతకు ఒక రోజు, ఒక చోటు ఏర్పాటు చేసుకొంటే అది నూరేండ్లు దాటినా నిలుస్తుంది. ఏర్పాటు లేకపోతే, ఎంత గొప్ప మేలైనను ఆసుపత్రి గేటు దాటగానే మరచిపోతాము. నోరులేని చెట్టును జ్ఞాపకముంచుకొనే మనుషులున్న చోట, ఆ చెట్టుకు కూతవేటు దూరములో రాత్రింబవళ్లు రోగుల ప్రాణము పట్టుకొని నిలిచే చేతులను జ్ఞాపకముంచుకొనే రోజు మనకు ఉన్నదా?

"మంచి మాట చెప్పినంత మాత్రాన జబ్బు నయమగునా, మందులు కదా నయము చేసేది" అని ఎవరైనా అడుగవచ్చు. దీనికి జవాబు మన అనంతగిరి కొండ మీదనే ఉన్నది. ఆ కొండ మీది క్షయ ఆసుపత్రి సంగతి మీకు తెలియనిది కాదు. మన పెద్దల కాలములో క్షయకు సరియైన మందు లేదు. కొండగాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, ఇవే వైద్యము. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొన్న తరువాత మందుల కాలము మొదలైనది. 1956లో మద్రాసులో ఒక పెద్ద పరిశోధన ఆరంభించినారు. కొందరు రోగులను శానిటోరియములో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఇరువురికి ఒకే మందులు ఇచ్చి చూచినారు. 1959లో ఫలితము వెల్లడియైనప్పుడు లోకము ఆశ్చర్యపడినది. మంచి తిండి, విశ్రాంతి తక్కువైనను, ఇంటివద్ద ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగుపడినారు. అయితే ఒక నియమమున్నది. మందు విడువకుండా మ్రింగవలెను.

ఈ నియమము చెప్పుట సులభము, నిలుపుకొనుట కష్టము. సాధారణ క్షయకు ఆరు నెలలు మందు వాడవలెను. రెండు నెలలు వాడగానే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, మనిషి కూలికి పోవును, ఇక మందెందుకు అనుకొనును. అక్కడ మానివేస్తే జబ్బు మొండిదై తిరిగి వచ్చును, మునుపటి మందుకు లొంగదు. అందుచేతనే మందు ఇచ్చుటతో సరిపెట్టక, రోగి మ్రింగుచుండగా ఒక మనిషి కన్నులార చూచే పద్ధతి పెట్టినారు. ఆ చూచే మనిషి ఆరోగ్య కార్యకర్త, నర్సమ్మ, ఊరి ఆశా కార్యకర్త. ఇప్పుడు ఆలోచించండి. ఆమె చీదరించుకొని మాట్లాడితే వచ్చేవారము ఆ రోగి రాడు. "నిన్న రాలేదేమి తాతా, ఒంట్లో బాగున్నదా" అని అడిగితే వస్తాడు. అనగా ఆ మంచి మాట మందుకు తోడుగా వచ్చే అలంకారము కాదు. మందు కడుపులోనికి చేరేది దాని గుండానే.

మన మెథడిస్టు పెద్దలకు డిచ్‌పల్లి పేరు చెప్పనక్కరలేదు. 1915లో అక్కడ కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి ఆరంభమైనది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త దొరగారు అందుకు పాటుపడినారు. నర్సాగౌడు అనే హిందూ దాత ధారాళముగా ధనసహాయము చేసినారు. ఈ పేర్లు చరిత్రలో ఉన్నవి, ఉండవలసినవే. ఆ దినములలో కుష్ఠుకు చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. అది నొప్పిగల వైద్యము, ఒక రోజుతో తీరేది కాదు. నెలల తరబడి సాగేది. అంత కాలము పుండ్లు కడిగి, గుడ్డలు ఉడికించి, అన్నము వడ్డించి, సూదికి భయపడి పారిపోదలచినవానిని బుజ్జగించి కూర్చుండబెట్టిన చేతులు ఎన్నో ఉండియుండును. అవి మన తెలుగు చేతులే. వారి పేర్లు మనకు అందలేదు.

కుష్ఠురోగిని ముట్టుకొనుటయే ఒక వైద్యము. వేలూరు వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండు గారు తన అనుభవము ఒకటి చెప్పియున్నారు. ఒక రోగికి చికిత్స సంగతి వివరించుచు ఆయన అతని భుజము మీద చేయి వేసినారు. ఆ మనిషి వెక్కివెక్కి ఏడ్చినాడు. తప్పేమి చేసితినని డాక్టరుగారు అడుగగా, అతనిని ఎన్నో ఏండ్లుగా ఎవరును ముట్టలేదని, అందుకే ఏడ్చుచున్నాడని దుబాసీ తెలిపినదట. చేయి వేయుటకు మందుల ఖర్చు లేదు, యంత్రము అక్కరలేదు. అయినను ఎన్నో ఏండ్లు ఎవరును అతనికి ఇవ్వలేకపోయినది అదియే.

లూకా సువార్తలోనే పదిమంది కుష్ఠురోగుల కథ ఉన్నది. పదిమందియు బాగుపడినారు, ఒక్కడే తిరిగి వచ్చినాడు. వాడును సమరయుడే. ఈ రెండు కథలను వ్రాసినది లూకా ఒక్కడే, అతడు వైద్యుడని పౌలు తెలుపుచున్నాడు. బాగుపడిన మనిషి తిరిగి రావడము ఎంత అరుదో వైద్యునికి తెలిసినంతగా మరి ఎవరికి తెలియును? ఆసుపత్రి పనివారి బ్రతుకు గూర్చి మనము తలచని సంగతి ఒకటి ఇందులో ఉన్నది. వారు ఎప్పుడును రోగులనే చూస్తారు. నయమైనవాడు ఇంటికి పోతాడు, ఆ మంచము మీదికి మరొక రోగి వస్తాడు. కొందరు వారి కండ్ల ముందే కన్నుమూస్తారు. తాము కడిగి, తినిపించి, లేపి కూర్చుండబెట్టిన మనిషి తెల్లని చొక్కా తొడిగి, బిడ్డను ఎత్తుకొని నవ్వుతూ నడుచుట వారు ఎన్నడో గాని చూడరు. వారి కష్టము ఫలించిన దృశ్యము మనయింట్లో ఉంటుంది, వారికి కనబడదు.

"వారు జీతము తీసుకొనియే చేసినారు గదా" అనే మాట కూడా మనలో వినబడుతుంది. పూటకూళ్లవాడును రెండు దేనారములు తీసుకొన్నాడు. ప్రభువు ఆ కథలో దానిని తప్పు పట్టలేదు. పైగా సమరయుడు పోవుచు ఏమన్నాడో జ్ఞాపకము చేసుకొనండి. ఇచ్చినదానికంటె ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనన్నాడు. అనగా, రోగిని చూచే పనిలో జీతమునకు మించినది ఒకటి ఉంటుందని అతనికి తెలుసు. జీతము పనికి ఇస్తారు. అర్ధరాత్రి మూడవసారి పిలిచినను విసుగుకొనక వచ్చుటకు జీతపు పట్టీలో గడి లేదు. అది ఆ మనిషి తన దగ్గరనుండి పెట్టిన ఖర్చు. మనము బాకీపడినది ఆ ఖర్చుకే.

మరికొందరు, "మాకు అటువంటి దయగలవారు ఎదురుపడలేదు, చక్రాల కుర్చీ తోయుటకును చేయి చాపినారు, పుట్టినది మగబిడ్డ అయితే ఒక ధర, ఆడబిడ్డ అయితే ఒక ధర అడిగినారు" అంటారు. అటువంటివి జరుగుట లేదని నేను అనను. అడిగి పుచ్చుకొనినది కృతజ్ఞత కాదు, అది దోపిడి. ముందుగా చేతిలో పెట్టినది కూడా కృతజ్ఞత కాదు, అది ధర. కాని చేయి చాపినవారి సంగతి పదిమందికి చెప్పే మనము, చేయి చాపక సేవ చేసినవారి సంగతి ఎంతమందికి చెప్పుచున్నాము? చెడ్డ ఆయమ్మను గూర్చి ఊరంతయు మాట్లాడుకొని, మంచి ఆయమ్మను గూర్చి ఎవరును మాట్లాడకపోతే, మంచిగా ఉండుటలో లాభమేమున్నదని ఆమెకు తోచదా?

మన సంఘముల వరకు మరియొక మాట చెప్పవలెను. ఇది కొంచెము నొప్పించే మాటయైనను మన్నించండి. రోగి మలమూత్రములు ఎత్తుట మైలపడే పనియని మన దేశములో అనేకులు దూరముగా ఉన్న దినములలో, ఎక్కువగా క్రైస్తవ కుటుంబముల ఆడపిల్లలే నర్సు పని నేర్చుకొని ముందుకు వచ్చినారు. మన గుడి బల్లల మీద కూర్చుండినవారిలోనే అటువంటివారు ఉన్నారు. వారి జీతముతో తమ్ముళ్లు చదువుకొన్నారు, ఇండ్లు లేచినవి. అయినను పెండ్లి సంబంధము వచ్చినప్పుడు "నైటు డ్యూటీ పిల్ల గదా" అని మనము నసుగలేదా? ఇతరుల ఆసుపత్రిలో ఎవరో నర్సు చూపిన దయకు కన్నీళ్లు పెట్టుకొని, మనయింటి నర్సు పిల్లను తక్కువ చూపు చూచుట కృతజ్ఞత కాదు.

కృతజ్ఞత మాటతో ఆగిపోతే ఏమగునో లోకమంతయు చూచినది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంగ్లండు ప్రధానమంత్రి బోరిస్ జాన్సన్ లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ప్రాణాపాయ స్థితిలో ఉన్నారు. 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సుల శిక్షణాలయము స్థాపించినది ఆ ఆసుపత్రిలోనే. ఏప్రిల్ 12, ఈస్టరు ఆదివారమునాడు ఆయన ఇంటికి పోవుచు, నలువది ఎనిమిది గంటలు తన మంచము ప్రక్కన నిలిచిన ఇద్దరు నర్సులకు పేరుపేరున వందనములు చెప్పినారు. ఒకరు న్యూజీలండు దేశపు జెన్నీ మెక్‌గీ, రెండవవారు పోర్చుగలు దేశపు లూయిస్ పితార్మా. ఒక దేశాధిపతి నర్సుల పేర్లు తెలుసుకొని పలుకుట మంచి పని, మనము నేర్చుకొనదగినది. కాని మరుసటి ఏడు, 2021లో, ఆయన ప్రభుత్వము నర్సులకు నూటికి ఒక్కటి మాత్రమే జీతము పెంచుదమన్నది. ఆ మే నెలలో జెన్నీ మెక్‌గీ, తమకు తగిన గౌరవము, తగిన జీతము దొరకుటలేదని చెప్పి ఆ ఉద్యోగము మానుకొన్నది. మనదేశములో 2005లో మొదలైన ఆశా కార్యకర్తలకు 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గొప్ప పురస్కారమిచ్చినది. అయినను వారికి దక్కేది ఉద్యోగుల జీతము కాదు, ప్రోత్సాహకపు సొమ్ము. చప్పట్లు కడుపు నింపవు. మనకు సేవ చేసినవారు తమ న్యాయమైన జీతము కొరకు నోరు తెరచినప్పుడు వారి ప్రక్కన ఒక మాట పలుకుట కూడా కృతజ్ఞతలో భాగమే.

రోగి చనిపోయినప్పుడు దుఃఖములో, కోపములో ఆసుపత్రి సిబ్బంది మీద చేయి చేసుకొనే దురాచారము కూడా మన రాష్ట్రములలో ఉన్నది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి విరోధముగా చట్టము చేయవలసివచ్చినది. కరోనా కాలములో, 2020 ఏప్రిల్‌లో, కేంద్రము కూడా అంటువ్యాధుల చట్టమును సవరించి కఠిన శిక్షలు పెట్టినది. చట్టము పెట్టి కాపాడవలసిన స్థితికి పూటకూళ్లవానిని మనము తెచ్చినామంటే తల వంచుకొనవలసిన సంగతి.

ఇక చేయవలసినదేమి? నాకు తోచినవి నాలుగు చెప్పి ముగిస్తాను. మొదటిది, ఆసుపత్రిలో ఉన్నప్పుడే పేరు అడుగండి. "ఏయ్ సిస్టర్, ఏయ్ ఆయా" అని కాక, అమ్మా అనో అక్కా అనో పిలిచి, పేరు తెలుసుకొని ఇంటివారికి చెప్పండి. రెండవది, నయమైన తరువాత ఒకసారి ఆ వార్డుకు తిరిగి పోండి. ఏమియు తీసుకొని పోనక్కరలేదు, మీ ఆరోగ్యమును చూపించి రండి. మూడవది, ఒక ఉత్తరము వ్రాయండి. ఫలాని తేదీన ఫలాని వార్డులో ఫలాని ఆమె మమ్మును బాగుగా చూచినదని సూపరింటెండెంటుగారికి రెండు వాక్యములు చాలును. ఫిర్యాదులు వారికి ఎన్నో వస్తాయి. మెచ్చుకొని వ్రాసిన కాగితము ఆ చిన్న ఉద్యోగిని ఎంత కాపాడునో మీరు ఊహింపలేరు.

నాలుగవది సంఘము చేయవలసినది. ప్రతి నవంబరులో మన ధారూర్ జాతరకు వేలాదిమంది వస్తారు. స్వస్థత పొందినామని దేవుని స్తుతించేవారు వారిలో ఎందరో ఉన్నారు. ఆ స్తుతి దేవునికే చెందును. అయితే సాక్ష్యము చెప్పేటప్పుడు దేవుడు వాడుకొనిన చేతుల పేరు కూడా ఒకటి పలికితే దేవుని మహిమకు కొరత రాదు. మే 12 నర్సుల దినము. దానికి దగ్గరి ఆదివారమున మన ఊరి నర్సులను, ఆయమ్మలను, ఆశా కార్యకర్తలను, 108 బండి నడిపేవారిని, వారు ఏ మతమువారైనను, పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టుదము. మన సంఘములో ఇంతకాలము ఆసుపత్రి సేవ చేసిన చిన్న ఉద్యోగుల పేర్లు పెద్దవారిని అడిగి, ఆ కుటుంబముల సమ్మతితో ఒక పుస్తకములో వ్రాసి పెట్టుదము. చెప్పగలిగిన ముసలివారు ఇంకను మన మధ్య ఉన్నారు. వారు వెళ్లిపోతే ఆ పేర్లు వారితోనే పోవును. ఈ వారమే ఒకరు పలకయో పుస్తకమో పట్టుకొని బయలుదేరితే మంచిది.